ఏడు మూరల సోమిదేవరాజు

ఒకానొక రాజ్యంలో, పేరు చెబితే ఆ ఊరి అల్లుళ్ళు నొచ్చుకుంటారు గనుక చెప్పను, రాజు కొడుకే రాజయ్యే అలవాటు లేదు. పదేళ్ళకోసారి సంతలో కుండలు పెట్టేవారు. రాజు కాదలచినవాడు తన కుండ వెనక పీట వేసుకుని కూర్చోవాలి. ఇంటికొక చింతపిక్క. ఎవరి కుండలో ఎక్కువ పిక్కలు పడితే వారిదే సింహాసనం. పని అయ్యాక అవే పిక్కలతో ఆడవాళ్ళు వామనగుంటలు ఆడుకునేవారు. రాజ్యం వల్ల జనానికి ఒరిగింది ఆ ఆట ఒక్కటేనని కొందరంటారు. నేనలా అనను.

పిక్కలు వేసే ముందు ఇంకో తంతు ఉంది. ఇప్పుడు నిలబడ్డ మనిషిని వెనకటికి నిలబడ్డ మనిషితో పోల్చి చెప్పాలి. అందుకోసం కొలువులో పోలికలవాడని ఒక ఉద్యోగి. వాడు చెప్పిన పోలిక అబద్ధమని సంత తేల్చిందా, సున్నపు బొట్లు పెట్టి, గాడిద ఎక్కించి, పొలిమేర దాటించేస్తారు.

వెనకటి మనిషి అంటే ఎప్పుడూ సోమిదేవరాజే. ఆయన పోయి అరవై ఏళ్ళు. ఏడు మూరల మనిషట. పెద్దకాలువను ఒంటిచేత్తో తవ్వాడట. ఆ కాలువ నేనూ చూశాను. ఒంటిచేత్తో తవ్వినట్టే వంకరటింకరగా ఉంది.

ఈ కథ జరిగిన ఏడాది గద్దె మీదున్నవాడు ప్రచండరాయలు. పదేళ్ళు ఏలాడు, మరో పదేళ్ళు ఏలాలని కోరిక. మనిషి చెడ్డవాడేం కాదు. ఆయనా ఒక కాలువ తవ్వించాడు, అందులో నీళ్ళు కూడా పారుతున్నాయి. కాకపోతే ఆయన తలపాగా చుట్టడానికి ఇద్దరు మనుషులు, అది గుమ్మంలో పట్టేలా వంచడానికి మూడోవాడు కావలసి వచ్చేది.

పోలికలవాడు నూకన్నను పిలిపించాడు రాయలు.

"ఓరి నూకన్నా, రేపు సంతలో ఏం చెప్పబోతున్నావు?"

"ఉన్నది చెబుతాను ప్రభూ."

"ఉన్నదేమిటో నేను చెబుతాను, విను. సోమిదేవరాజు కంటే నేను గొప్పవాణ్ణి. ఒక్క వెంట్రుకవాసి తగ్గించావో, ఎల్లుండికి నువ్వీ రాజ్యంలో ఉండవు."

నూకన్న ఇంటికొచ్చి గడప మీద కూలబడ్డాడు. రాయలే గొప్ప అంటే సంత ఊరుకోదు, గాడిద ఎక్కిస్తుంది. తక్కువ అంటే రాయలు ఊరుకోడు, తరిమేస్తాడు. ఇరవై ఏళ్ళుగా ఉన్న ఊరూ ఇల్లూ ఒక్క మాట మీద వేలాడుతున్నాయి.

అతని భార్య తవిటమ్మ అంతా విని, "అయితే గొప్ప అనే చెప్పవయ్యా. నడిచే పనైనా తప్పుతుంది" అంది.

ఆ మాటకు నూకన్న నవ్వలేదు. కానీ ఏదో తట్టినట్టు లేచి మళ్ళీ కోటకు వెళ్ళాడు.

"ప్రభూ, నేను చెబితే అది జీతగాడి మాట అవుతుంది. జనం నోటే చెప్పిస్తాను. అయితే రేపు ఒక్కపూట మీరు పీట మీద కాక, తెరలు దించిన గూడుబండిలో కూర్చోవాలి."

జనం నోట అనేసరికి రాయల మీసం దానంతటదే లేచింది. సరేనన్నాడు.

మర్నాడు సంతలో చాటింపు వేశారు. రాయలవారు రాజ్యం వద్దనుకుని తెల్లవారుజామునే కాశీకి వెళ్ళిపోయారు, ఆయన బదులు పోలికల నూకన్న నిలబడుతున్నాడు అని. నూకన్న కుండ పెట్టుకుని పీట మీద కూర్చున్నాడు. పక్కన ఆనవాయితీ ప్రకారం గాడిద సిద్ధంగా ఉంది.

"నిలబడ్డవాణ్ణి నేనే గనుక పోలిక నేను చెప్పకూడదు. మీరే చెప్పండి. వెనకటి మనిషి అంటే ఇప్పుడు రాయలవారే" అన్నాడు నూకన్న.

ముందుగా నోరు విప్పింది ఎండుచేపల పైడమ్మ. డెబ్బై దాటిన మనిషి. ఆవిడ నోటికి ఊళ్ళో ఎద్దులు కూడా పక్కకు తప్పుకుంటాయి. కిందటి వారం సంతలోనే, 'రాయలా? సోమిదేవరాజు కాలిగోటికి సరిపోడు' అన్నది ఈవిడే.

"నువ్వా నూకన్నా! రాయలెక్కడ, నువ్వెక్కడ! ఆయన కాలిగోటికి సరిపోతావా? ఆ తలపాగా ఏమిటి, ఆ నడకేమిటి! గోపురం కదిలి వచ్చినట్టుండేది!"

"కాలువ తవ్వాడు మహానుభావుడు" అన్నాడు గంపల మేదరి ఒకడు.

"తన చేత్తోనే తవ్వాడు. నేను చూశాను" అన్నాడు అతని పక్కవాడు. రాయలు ఆ కాలువకు కొబ్బరికాయ కొట్టిన రోజు తప్ప మళ్ళీ వెళ్ళలేదు. ఆ కాయ కూడా మూడో దెబ్బకు గానీ పగల్లేదు.

బండిలో రాయలకు కళ్ళమ్మట నీళ్ళు కారిపోతున్నాయి.

"ఎంత ఎత్తు మనిషి! ఆరు మూరలుంటాడు" అంది పైడమ్మ.

రాయలు నిజమేనేమో చూద్దామని లేచి నిలబడబోయాడు. బండి గూడు నెత్తికి తగిలింది. ఇంక ఆగలేక తెర తోసి, చేతులు చాపి కిందికి దూకాడు.

"నా ప్రజలారా! నేనెక్కడికీ పోలేదు! ఇక్కడే ఉన్నాను!"

పైడమ్మ ఆయన్ను కిందినుంచి పైదాకా, పైనుంచి కిందిదాకా చూసింది.

"వచ్చేశాడా! కాశీవాళ్ళూ ఉంచుకోలేదన్నమాట. ఏమైనా సోమిదేవరాజు ఎక్కడ, ఈయనెక్కడ."

"ఏమే ముసలిదానా! సోమిదేవరాజును నువ్వు చూశావా?" అని అరిచాడు రాయలు.

"చూడకేం! పదేళ్ళ పిల్లని. ఆయన ఇదే సంతలో పీట మీద కూర్చుంటే పేడముద్ద విసిరాను. భుజానికి తగిలింది."

"పేడ విసిరావా! మరి ఆయన గొప్పేమిటి?"

"ఆ రోజుల్లో విసరడానికైనా తగిన మనిషి ఉండేవాడు బాబూ."

సంతంతా గొల్లుమంది. రాయల ముఖం పండుమిరపకాయ అయింది. నూకన్న మీదికి తిరిగాడు.

"నువ్వే చెప్పు! ఇప్పుడే చెప్పు! నాకూ ఆయనకూ తేడా ఏమిటి?"

గాడిదవాడు తాడు సవరించుకున్నాడు. నూకన్న పీట మీంచి లేచి చేతులు కట్టుకున్నాడు.

"ప్రభూ, కాలువలో మీరిద్దరూ సమానం. ఎత్తులో ఒక మూర తేడా, అది నాలుగు సంతల్లో సర్దుకునేది. ఇందాక బండి దిగేదాకా మీరు ఆయనకు ఎందులోనూ తీసిపోలేదు. ఆయనలో మీకు లేని గొప్పగుణం ఒక్కటే."

"ఏమిటది?"

"ఎంత పొగిడినా ఆయన తిరిగి రాడు."

పైడమ్మ తల ఊపి, "ఇందులో అబద్ధమేమీ లేదు" అంది. గాడిదవాడు తాడు వదిలేశాడు.

ముందు రాయల పొట్ట కదిలింది. తర్వాత భుజాలు. తర్వాత తలపాగా ఊడి కిందపడి, విప్పుకుంటూ చేపల గంపల దాకా దొర్లుకుపోయింది. ఆయన నవ్వు చూసి జనం నవ్వారు. నవ్వుతూనే ఆయనకూ ఒక కుండ తెచ్చిపెట్టి, అందులో పిక్కలు వేశారు. రాయలంటే ఇష్టంతో కాదు, నూకన్న రాజవుతాడేమోనన్న భయంతో అంటారు తెలిసినవాళ్ళు.

చివరకు కుండలు బోర్లించారు. నూకన్న కుండలో ఒక్క పిక్క కూడా లేదు.

"నీ ఇంటి పిక్క ఏమైందిరా?" అన్నాడు రాయలు.

తవిటమ్మ కొంగు సర్దుకుని, "మీ కుండలోనే వేశాను ప్రభూ. నేనీయనతో కాపురం చేస్తున్నాను కదా" అంది.

రాయలు మళ్ళీ నవ్వి, పోలికల ఉద్యోగం నూకన్నకు బతికినన్నాళ్ళూ ఖాయం చేశాడు. పొలిమేర కోసం తెచ్చిన ఆ గాడిదను కూడా అతనికే ఇప్పించాడు. తన తలపాగా కూడా బహుమానంగా ఇచ్చాడు గానీ, దానికి ఎండుచేపల వాసన పట్టేసింది గనుక తవిటమ్మ గుమ్మంలోనే ఆపేసింది.

ఈ మధ్య ఆ ఊరు వెళ్ళాను. రాయలు పోయి చాలా ఏళ్ళయింది. మళ్ళీ కుండలు పెట్టారు. చేపల గంప దగ్గర పైడమ్మ మనవరాలు కూర్చుని ఉంది. ఇప్పుడు నిలబడ్డాయన ఎలాంటివాడమ్మా అని అడిగాను.

"ఈయనా! ప్రచండరాయల ముందు ఈయనెంత? ఆయన తొమ్మిది మూరల మనిషి" అంది.