గోడ మీద చోటు

చక్రధరానికి కొన్నాళ్లుగా కంటి మీద కునుకు లేదు. ఎవరైనా అడిగితే కొల్లేటి దోమల మీదికి నెట్టేసేవాడు. అసలు కారణం మస్తాన్ మాస్టారి స్టూడియో గోడకు వేలాడుతోంది.

కొల్లేటి పిట్టల్ని ఫొటోలు తీయడంలో మస్తాన్ మాస్టారు పేరు మోసిన మనిషి. ఫ్లాష్ ముట్టుకోరు. పొద్దు ఇచ్చిన వెలుగే చాలంటారు. శిష్యుల ఫొటో ఏదైనా ఆయన గోడకు పెట్టారంటే, ఇక వాళ్లు సొంతంగా బతకగలరని అర్థం. చక్రధరం ఏళ్ల తరబడి ఆయన సంచి మోశాడు, బురదలో ఆయన దోనె తోశాడు. ఆ చోటు మాత్రం అతనికి దక్కలేదు. నిన్న కాక మొన్న చేరిన లిల్లీగ్రేస్‌కి దక్కింది.

ఆమె తీసింది మునుగుడుకోడి అనే నీటిపిట్టని. తల్లి నీళ్ల మీద తేలుతుంటే, వీపు మీద రెక్కల సందున చారల చారల పిల్లలు. తొలి ఎండ సరిగ్గా ఒక పిల్ల ముక్కు కొస మీద పడింది. చక్రధరం ఆ ఫొటోలో వంక కోసం ఎంత వెతికినా దొరకలేదు. దాంతో కడుపు ఇంకా మండిపోయింది.

చివరికి ఉండబట్టలేక అడిగేశాడు. "ఆ అమ్మాయికి చెప్పిన కిటుకేదో నాకెందుకు చెప్పలేదండీ మాస్టారూ?"

మాస్టారు లెన్స్ తుడుచుకుంటూ తలెత్తలేదు. "రేపు తెల్లారగట్ల రా. దోనె నేను నడుపుతాను."

ఆ మాటతో అతని ప్రాణం సగం కుదుటపడింది. లిల్లీకి మాస్టారు ఎన్నడూ దోనె నడపలేదు మరి.

తెల్లారి వాళ్లు కొల్లేట్లోకి వెళ్లేసరికి లిల్లీ తన దోనెలో అక్కడే ఉంది, కిక్కిస గడ్డికి అవతల. చక్రధరానికి ఒళ్లు మండింది. మాస్టారు మాత్రం గెడ ఆపి, చప్పుడు చేయకుండా కూర్చున్నారు.

మునుగుడుకోడి బయటికొచ్చింది. పిల్లలు వీపెక్కాయి. నీళ్ల మీద ఎండ పచ్చగా పరుచుకుంది. చక్రధరం కెమెరా కంటికి ఆనించాడు. పిట్ట వెనకాలే లిల్లీ ఎర్ర చున్నీ కనబడింది. ఈ అమ్మాయి ఎటు వంగుతోంది? కెమెరాని దోనె అంచుకి ఆనించిందేం? ఇప్పుడు నొక్కిందా? ఆమె నొక్కినప్పుడల్లా ఇతనూ నొక్కాడు.

ఒడ్డుకి రాగానే మాస్టారు అతని కెమెరాలోంచి కార్డు తీసి జేబులో వేసుకున్నారు.

మర్నాడు స్టూడియోలో అడుగుపెట్టిన చక్రధరం గుమ్మంలోనే ఆగిపోయాడు. గోడ మీద లిల్లీ ఫొటో పక్కన ఇంకో ఫ్రేము. కింద తన పేరు. ఇన్నాళ్లకి దక్కింది అనుకున్నాడు. గబగబా దగ్గరికి వెళ్లాడు.

ముందు, పిట్ట ఉండాల్సిన చోటంతా బూడిదరంగు మచ్చ. దాని వెనక లిల్లీ. చున్నీ అంచు కుట్టు, చెంప మీద వాలిన పురుగు కాళ్లతో సహా అన్నీ స్పష్టంగా ఉన్నాయి.

"లెన్స్ ఏదో తేడా చేసిందండీ," అన్నాడు చక్రధరం.

"లెన్స్ బాగానే ఉంది," అన్నారు మాస్టారు.

అప్పుడే వచ్చిన లిల్లీ మొహం ఆ ఫొటో చూసి విప్పారింది. "నన్నింత బాగా ఎవరూ తీయలేదు అన్నయ్యా. మా అమ్మకి చూపిస్తాను, ఒక కాపీ ఇస్తావా?"

ఆమె వెటకారంగా అనలేదు. అని ఉంటే బాగుండేదనిపించింది అతనికి.

మాస్టారు వచ్చి అతని పక్కన నిలబడి, ఆ బూడిదరంగు మచ్చ మీద వేలు పెట్టారు.

"తల్లి వీపు మీద పిల్లలెన్నిరా?"

చక్రధరం ఫొటోలోకి చూశాడు. తర్వాత కళ్లు మూసుకుని నిన్నటి పొద్దుని గుర్తు చేసుకోబోయాడు. ఎర్ర చున్నీ తప్ప ఏమీ రాలేదు.

"రేపెళ్లి చూసొస్తానండి," అన్నాడు.

వెళ్తూ వెళ్తూ కెమెరా సంచి బల్ల మీదే వదిలేశాడు.