దుప్పటి కింద ఆరు లీడ్లు

ఫణీంద్ర నోట్లో నాలుక లేని మనిషి. ఆసుపత్రి ఈసీజీ గదిలో పనికి కుదిరి మూడు నెలలైంది. ఆడవాళ్ళకు మిషను తీగలు, అదే లీడ్లు, పెట్టాల్సి వస్తే అతని చూపు గోడ మీదికి పోయేది. ఛాతీకి అంటించే ఆరింటిలో నాలుగు ఎడమ రొమ్ము కిందుగా, పక్కటెముకల సందులు లెక్కపెట్టి పెడితేనే గుండెలో తేడా కాగితం మీద సరిగ్గా పడుతుందని తెలుసు. తెలిసీ జాకెట్టు మెడ అంచుకి పైనే అంటించి, గబగబా కాగితం తీసేసేవాడు. బుద్ధిమంతుడని మెచ్చుకునేవాళ్ళు కూడా.

నిన్న పొద్దున సన్యాసమ్మ అనే ఆవిడ గుండెల్లో మంటని వచ్చింది. పైటను రెండు చేతులతో గట్టిగా పట్టుకుని పడుకుంది. ఫణీంద్ర అలవాటు ప్రకారం పైపైనే పెట్టాడు. కాగితంలో తేడా ఏమీ కనిపించలేదు. డాక్టరు గ్యాసు మాత్రలు రాసి పంపేశారు. ఇంటికెళ్ళి అన్నం వారుస్తూ పొయ్యి దగ్గరే ఒరిగిపోయింది.

ఇవాళ ఆవిడ భర్త ఆ కాగితం పట్టుకుని వచ్చాడు. పోట్లాటకు రాలేదు, అదే ఘోరం.

"ఇందులో ఏటీ నేదన్నారు గదా బాబూ. మరెలాగ పోనాది?"

ముసలాయన కాగితం బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

డాక్టరు మళ్ళీ తీయించి ఉండాల్సింది, వాళ్ళే ఆలస్యంగా తెచ్చారు, మిషను పాతది. తిలాపాపం తలా పిడికెడని సర్దిచెప్పేవాళ్ళు వార్డునిండా ఉన్నారు. ఫణీంద్రకు ఒక్క మాటా ఎక్కలేదు. ముప్ఫై ఏళ్ళుగా ఆ గదిని నడుపుతున్న ఎస్తేరు సిస్టర్ దగ్గరికి కాగితం తీసుకుని వెళ్ళాడు. అతనికి పని నేర్పుతున్నది ఆవిడే.

"నేను మానేస్తానమ్మా. ఆడమనిషి మానం కాపాడుతున్నాననుకున్నాను. ప్రాణం తీశాను."

ఎస్తేరమ్మ కాగితం చూసింది. తిట్టలేదు, ఓదార్చలేదు. తలుపు గడియ వేసి మంచమెక్కి పడుకుంది. మెడ దాకా దుప్పటి కప్పుకుని, దాని కిందే జాకెట్టు హుక్కులు తీసుకుంది.

"పెట్టు," అంది.

తల్లి వయసు మనిషి. ఫణీంద్ర ఒక లీడు దుప్పటి కిందికి పోనిచ్చి, మళ్ళీ పైనే అంటించబోయాడు.

"నన్నూ ఇంటికి పంపించేస్తావేటి?"

అతనికి ఏడుపొచ్చేసింది. ఎస్తేరమ్మ ఆ చేతిని పట్టుకుని బోర్లా తిప్పింది. అరచేయి తగలకుండా, చేతి వెనకవైపుతో రొమ్మును పైకి జరిపించింది. అతని వేలిని ఒక్కొక్క ఎముక మీంచీ దింపుకుంటూ వచ్చింది.

"రెండు. మూడు. నాలుగు. ఇదుగో, అయిదో సందు. ఇక్కడ."

ఆరు లీడ్లూ అలాగే పెట్టించింది. దుప్పటి ఎక్కడా తొలగలేదు. మిషను చప్పుడు చేస్తూ కాగితాన్ని బయటికి తోసింది. ఎస్తేరమ్మ పడుకునే అతని మొహంలోకి చూసింది.

"నీకేమన్నా కనబడిందా?"

"లేదమ్మా."

"మరి ఆవిడ మానాన్ని ఎవరి నుంచి కాపాడావురా?"