గుంజ పక్క ఎద్దు

రండి రండి, దగ్గరికి జరగండి. ఏమ్మా, ఆ చంటిదాన్ని ఒళ్ళోకి తీసుకో, గాలి చల్లగా ఉంది. వెనకున్న పెద్దలూ ముందుకు రావాలి, నా గొంతు అంత దూరం పోదు. శివుణ్ణి మోసేది నంది కదా? ఈ కథ ఆ నంది బిడ్డలది. ఒక్కసారి మనసులో శివయ్యను తలచుకోండి. తలచుకున్నారా? ఇక వినండి.

అనగనగా, పశువులు తమలో తాము కష్టసుఖాలు చెప్పుకునే రోజుల్లో, ఓబన్న అనే రైతు ఉండేవాడు. అతని భార్య సుంకులమ్మ. ఊరి బయట వాళ్ళకొక కళ్ళం ఉండేది.

కళ్ళమంటే తెలుసా పిల్లలూ? పేడతో అలికిన గుండ్రటి నేల. నడుమ ఒక గుంజ. కోసిన కొర్ర కంకులు నేల మీద పరిచి, పశువుల్ని వరసగా ఆ గుంజకు కట్టి చుట్టూ తిప్పుతారు. గిట్టల కింద కంకి నలిగి గింజ రాలుతుంది.

ఓబన్న వరసలో మూడు పశువులు. గుంజ పక్కన ముసలి ఎద్దు బూదన్న. దాని పక్కన ఎర్రావు. అన్నిటికంటే బయట పడుచు కోడె చెన్నడు. చెన్నడి మెడ పలుపు ఎర్రావుకు కట్టేవారు. ఎర్రావు పలుపు బూదన్నకు. బూదన్న పలుపు గుంజకు.

ముగ్గురూ తిరిగే చుట్టు ఒకటే. కానీ బూదన్న ఉన్నచోటనే మెల్లగా మెదిలేవాడు. చెన్నడేమో కళ్ళం అంచున ఉరకలు వేసేవాడు.

అది చూసి ఓబన్న ఒక పద్ధతి పెట్టాడు. ఎక్కువ దూరం తిరిగినవాడికి ఎక్కువ గుగ్గిళ్ళు. చెన్నడికి గంపెడు, ఎర్రావుకు చాటెడు, బూదన్నకు పిడికెడు.

"పాపం, ముసలిది కదయ్యా. ఇంకాస్త వెయ్యి," అనేది సుంకులమ్మ.

"నిలబడి తినేదానికి ఎంత పెట్టాలే?" అనేవాడు ఓబన్న.

నూర్పిడి మొదలైన రోజున చెన్నడు గుగ్గిళ్ళు నములుతూ నవ్వాడు.

"తాతా, నువ్వు నడుస్తున్నావా, నిద్రపోతున్నావా?"

"ఈ వయసులో రెండిటికీ పెద్ద తేడా లేదురా," అన్నాడు బూదన్న. ఎర్రావు కూడా నవ్వింది.

"నన్ను చూడు. ఎంత గుండ్రంగా పరుగెత్తానో!"

"గుండ్రంగా పోయేది నువ్వు కాదు నాయనా. నీ కాలు అడుగడుగునా తిన్నగానే పోవాలని చూస్తుంది. పలుపు నిన్ను అడుగడుగునా లోపలికి లాగుతుంది. ఆ లాగుడు వల్లనే నీ దారి వంగి చుట్టు అవుతోంది."

"పలుపు నన్ను లాగడమేమిటి? నేనే మీ ఇద్దరినీ ఈడ్చుకుపోతున్నాను!" అని కోడె తల ఎగరేసింది.

బూదన్న తన పిడికెడు గుగ్గిళ్ళు ఎంతసేపు నమిలాడో!

మరునాడు పడమట మబ్బు పట్టింది. వాన పడితే కొర్రలన్నీ మొలకలెత్తిపోతాయి. ఏడాది తిండి పోతుంది. ఓబన్న చర్నకోల ఝళిపించి, "హోయ్, హోయ్! కానీరా చెన్నా!" అన్నాడు. చెన్నడు నిన్నటికి రెండింతలు ఉరికాడు.

మధ్యాహ్నానికి బూదన్న మెడ ఒరుసుకుపోయి ఎర్రబడింది.

"కాస్త నిదానించరా అబ్బీ. నువ్వు రెండింతలు ఉరికితే నా మెడ మీద లాగుడు రెండింతలు కాదు, నాలుగింతలవుతుంది."

"గుగ్గిళ్ళు పిడికెడు, లెక్కలు మాత్రం గంపెడు!" అన్నాడు చెన్నడు.

ఎర్రావుకు కోపం వచ్చింది. "ఓరి పొగరుబోతా! నిన్నొక్కణ్ణి పట్టుకుంటేనే నా మెడ ఇట్లా అయింది. నిన్నూ నన్నూ కలిపి పట్టుకున్న ఆ మెడ ఎట్లా ఉంటుందో చూశావా?"

చెన్నడు చూడలేదు. బయటివాడికి లోపలి మెడ కనబడదు కదమ్మా! నడుమ ఎర్రావు అడ్డం.

మూడోనాడు ఉరుములు మొదలయ్యాయి. ఇంకా సగం కంకులు తొక్కించాలి. ఓబన్న కేకలు, చర్నకోల దెబ్బలు, గాలి. చెన్నడికి ఒళ్ళు తెలియలేదు. బాణంలా ఉరికాడు. బూదన్న గిట్టలు నేలలోకి దించి, కళ్ళు మూసుకుని, శివయ్యనే తలుచుకున్నాడేమో, నిదానించమని నోరు తెరిచి అడగనే లేదు.

ఉన్నట్టుండి ముసలి ఎద్దు మోకాళ్ళ మీద కూలింది. పలుపు గొంతుకు బిగిసింది.

"అయ్యో! చచ్చిపోతుందయ్యా!" అని సుంకులమ్మ కొడవలితో పరుగెత్తి, బూదన్నకూ ఎర్రావుకూ నడుమ ఉన్న పలుపును తెగగోసింది.

ఇప్పుడు చెన్నడు ఎటు పోయాడంటారు? గుండ్రంగా పోయాడా? లేదు. గుంజకు దూరంగా బయటికి విసిరినట్టు పోయాడా? అదీ లేదు. ఆ క్షణాన ముక్కు ఎటుందో అటు, గీత గీసినట్టు, తిన్నగా పోయాడు. ఎర్రావును ఈడ్చుకుంటూ ముళ్ళకంప చీల్చుకుని, గట్టు కింద ఎండు కాలువలో పడ్డాడు.

ఎవరూ అతణ్ణి నెట్టలేదు. లోపలికి లాగేవాడు లేకపోయాడు, అంతే.

చెన్నడు లేచాడు. ఒంటినిండా ముళ్ళు. ఎర్రావు కుంటుతోంది. "అత్తా, నన్ను నేను తిప్పుకోలేకపోయానే," అన్నాడు.

"ఏనాడు తిప్పుకున్నావు గనక?" అంది ఎర్రావు.

ఇద్దరూ కళ్ళానికి తిరిగి వచ్చారు. బూదన్న పక్కకు ఒరిగి ఉన్నాడు. ఆ మెడ చెన్నడు అప్పుడు చూశాడు. ముక్కు వంచి దగ్గరికి జరిగాడు.

"తాతా... మెడ నొప్పిగా ఉందా?"

బూదన్న కష్టం మీద కళ్ళు తెరిచాడు. "నీకు ముళ్ళు గుచ్చుకున్నాయి కదరా," అన్నాడు. నాలుక చాచి, కోడె ముక్కు మీది నెత్తురు ఒక్కసారి నాకాడు. ఆ నాలుక మళ్ళీ లోపలికి పోలేదు.

ఓబన్న పలుపు విప్పబోతూ నేల చూశాడు. గుంజ చుట్టూ, బూదన్న తిరిగినచోట, అలికిన మట్టి పగిలి చీలమండ లోతు గాడి పడి ఉంది. కళ్ళం అంచున చెన్నడి గిట్టల గుర్తులు పైపైనే ఉన్నాయి.

"సుంకులూ, ఇది నిలబడిన ఎద్దు గాడి కాదే," అని అతను ఆ గాడిలోనే కూలబడి ఏడ్చాడు. వాన వచ్చేసింది. కొర్రలు తడుస్తున్నా ఎవరూ లేవలేదు.

నాలుగు రోజులకు ఎండ కాసింది. మిగిలిన కాసిని కంకులు పరిచారు. ఓబన్న ఎర్రావును గుంజ పక్కన కట్టి, చెన్నణ్ణి బయట కట్టాడు. "హోయ్" అన్నాడు, మెల్లగా.

చెన్నడు కదల్లేదు. ముందు తల లోపలికి తిప్పి, "అత్తా, పలుపు బిగిసిందా? నొప్పిగా ఉందా?" అని అడిగాడు.

"కొంచెం," అంది ఎర్రావు.

చెన్నడు ఒక అడుగు లోపలికి జరిగి, ఆమె నడకతో నడిచాడు. అతని కళ్ళ నీళ్ళు కంకుల మీద పడుతూనే ఉన్నాయి. బూదన్నను అడగవలసిన మాట అది. బూదన్న లేడు.

నా తల్లుల్లారా, నా బంగారు కొండల్లారా, ఈ కథలో ఒక్క పని గుర్తుంచుకోండి. పరుగు మొదలుపెట్టే ముందు చెన్నడు లోపలికి తిరిగి అడిగాడే, ఆ పని. మీ ఇంట్లోనూ కదలకుండా కూర్చున్నట్టు కనబడేవాళ్ళు ఒకరుంటారు. రేపు పొద్దున గడప దాటేముందు వాళ్ళను అడగండి. ఎల్లుండీ అడగండి.

మనల్ని దారి తప్పకుండా పట్టుకున్నవాళ్ళ నొప్పిని, వాళ్ళు కూలిపోకముందే అడిగి తెలుసుకోవాలి.