ఖాకీ అట్ట పుస్తకం

మా లైబ్రేరియన్ జోగారావు పంతులుగారిని ఏదన్నా అడిగితే జవాబు చెప్పరు. కళ్లజోడు తుడుచుకుంటూ "చేసి చూడమ్మా" అంటారు. మా ఆయన పోయాక ఆయన ఉద్యోగం నాకిచ్చారు. పదకొండేళ్లుగా ఈ లైబ్రరీ ఊడుస్తూ, పుస్తకాలు సర్దుతూ ఆ మాట వింటూనే ఉన్నాను.

ఆ ఏడు వానాకాలంలో ఇందుమతి అనే పిల్ల పని నేర్చుకోడానికి వచ్చింది. పుస్తకం దేని గురించో తేల్చి, దానికి నంబరు వేసి, ఆ నంబరు బీరువాలో పెట్టాలి, అదీ పని. పది పుస్తకాలకి సరైన నంబరు పడితే పంతులుగారు కాగితం మీద సంతకం పెడతారు. సోమవారం ఆ కాగితం చూపిస్తేనే పిల్లకి కాలేజీ లైబ్రరీలో ఉద్యోగం. తొమ్మిది అయ్యాయి. పదోది బైండింగు నుంచి వచ్చింది. బైండరు ముందు పేజీలు పారేసి ఖాకీ అట్ట వేశాడు. పేరు లేదు, ఊరు లేదు, పాత నంబరూ లేదు.

"పేరే లేకపోతే ఇది దేని గురించో ఎలా తెలుస్తుంది సార్?" అంది.

"చేసి చూడమ్మా."

పాఠాల పేర్లు చూసుకుంటూ పోయింది. కడుపుబ్బరం, జ్వరం, విరేచనాలు, కాళ్ల వాపు. అన్నీ జబ్బులే. ఆరొందల పది వేసి, కిటికీ పక్క వైద్యం బీరువాలో పెట్టేసింది. నాకు చదువు అంతంత మాత్రం గానీ ఈ అంకెలన్నీ వచ్చు. పంతులుగారు "శనివారం చూద్దాం" అని ఊరుకున్నారు.

వైద్యం బీరువాకి మా ఊళ్లో ఒక్కడే భక్తుడు, రిటైరైన పోస్టుమాస్టరు విశ్వపతిగారు. ఆయన ఏ జబ్బు గురించి చదివితే ఆ జబ్బు వస్తుంది. గురువారం కొత్త అట్ట కనపడగానే చంకలో పెట్టుకు పోయారు.

శనివారం పొద్దున్నే పాల సన్యాసి పరిగెత్తుకొచ్చాడు. ఎవర్నీ అడగలేదు. తిన్నగా గుమ్మం పక్క పశువుల బీరువా దగ్గరికెళ్లి, కింది అరలో చెయ్యి పెట్టి తడిమాడు. అతనికి చదువు రాదు. చోటు తెలుసు, అంతే. ఇంటికి పట్టుకెళ్తే కూతురు చదివి పెడుతుంది.

"పొత్తకం నేదేటి పంతులుగారూ? గేద కడుపు డోలైపోనాది. పొద్దుట్నుంచి నెమరెయ్యనేదు. డాక్టరుబాబు చూస్తే కేంపుకెళ్లిపోనాడు."

"ఏ పుస్తకం?" అంది ఇందుమతి.

"నూనిమందు రాసుంటాది తల్లీ. ఆ పేజీకి పేడ మరక ఉంటాది, నాదే."

పిల్ల గబుక్కున నా వంక చూసింది. ఆ మరకని తను కాఫీ అనుకుంది.

ఇద్దరం విశ్వపతిగారింటికి పరిగెత్తాం. ఆయన అరుగు మీద అటూ ఇటూ నడుస్తూ, వేలు తడి చేసుకుని పేజీ తిప్పుతున్నారు.

"ఇవ్వను. ఇంకా రెండు మోతాదులున్నాయి," అన్నారు. "నా రోగం అచ్చు గుద్దినట్టు రాశాడమ్మా. ఎడమ డొక్క ఉబ్బును, తట్టిన డోలువలె మోగును. అదే నాది. అర లీటరు నూనెలో ఇంగువ కలిపి గొట్టముతో పట్టించవలెను అన్నాడు. నేను సన్నటివాణ్ని కదా, అర గ్లాసుతో సరిపెట్టాను. మన వల్ల కాదని గొట్టం జోలికి పోలేదు."

పిల్ల నా వెనక్కి జరిగింది. నేనే చెప్పాను.

"అది గేదెల పుస్తకం బాబుగారూ."

ఆయన పేజీ వంక చూశారు. నా వంక చూశారు. మళ్లీ పేజీ వంక చూశారు.

"నాకు తగ్గిందే మరి," అన్నారు.

ఇచ్చారు గానీ, ఆ పేజీ కాయితమ్మీద ఎక్కించుకున్నాకే ఇచ్చారు. మధ్యాహ్నానికి సన్యాసి గేదెకి నూనె పట్టించాడు. దానికి గొట్టంతోనే. సాయంత్రం సన్యాసి కూతురు పుస్తకం తిరిగి తెచ్చి, నెమరేస్తోందని చెప్పి పోయింది.

"ముందే చెప్పుంటే ఆ గేదెకీ తిప్పలు ఉండేవి కావు కదండీ," అన్నాను పంతులుగారితో.

"ఖాకీ అట్టలో నేనూ పోల్చుకోలేదు పైడమ్మా," అన్నారు.

ఇందుమతి ఆరొందల పది చెరిపి, పశువుల నంబరు ఆరొందల ముప్పై ఆరు వేసింది. వేసిందే గానీ గొణుగుడు ఆపలేదు.

"ఇద్దరికీ తగ్గింది కదా సార్. మరి అది తప్పెలా అయింది?"

పంతులుగారు కాగితం దగ్గరికి లాక్కుని, సంతకం పెడుతూ అన్నారు:

"దీన్ని వంటల బీరువాలో పెట్టినా విశ్వపతిగారు వెతుక్కుని జబ్బు తెచ్చుకుంటారు. సన్యాసి ఒక్క అరలోనే చెయ్యి పెడతాడమ్మా."