గవరమ్మ జంటాకు

అనగా అనగా, ఆ రోజులు కళ్ళారా చూసినవాళ్ళు ఒక్కరూ మిగలనంత పాత కాలంలో, కొండలకూ సముద్రానికీ నడుమ ఒక బడి ఉండేది. ఆ చుట్టుపక్కల మరో బడి లేదు. అందుకని ఎక్కడెక్కడి పిల్లలూ అక్కడికే వచ్చేవారు. మూడు రోజులు నడిచి కూడా వచ్చేవారు. అక్కడే తిని, అక్కడే పడుకుని, అక్కడే చదువుకునేవారు.

ఆ బడికి ఒక రివాజు ఉండేది. జాగ్రత్తగా వినండి, ఎంతోమంది ఉసురు పోసుకున్న రివాజు అది.

కొత్తగా వచ్చిన పిల్లవాడికి ఎవరూ విస్తరి వెయ్యరు. పాతవాళ్ళలో ఒకడు "రా, నా పక్కన కూర్చో" అని పిలవాలి. పిలిస్తేనే పంక్తిలో చోటు. పిలవకపోతే గుమ్మం దగ్గర నిలబడి, తినేవాళ్ళను చూస్తూ ఉండాలి. ఒక పూట చూస్తారు. రెండు పూటలు చూస్తారు. మూడో పూట కూడా ఎవరూ పిలవలేదా, వాడి మూట గుమ్మం బయట పెట్టేస్తారు. ఇక వాడు వచ్చిన దారినే పోవాలి.

బడి కట్టించిన రాజుగారు ఈ రివాజు మంచికే పెట్టాడట. పాతవాళ్ళు కొత్తవాళ్ళను చేరదీస్తారని ఆయన ఆశ. మంచికి పెట్టినదాన్ని చెడ్డకు వాడుకోవడం మనకు వెన్నతో పెట్టిన విద్య కదా! పిలిచేవాడు తన ఊరివాణ్ణి పిలిచేవాడు, తన కులంవాణ్ణి పిలిచేవాడు, బెల్లం ముక్క తెచ్చిచ్చినవాణ్ణి పిలిచేవాడు. మిగిలినవాడు గుమ్మం దగ్గరే మిగిలేవాడు.

ఆ గుమ్మానికి బయట ఒక పాక. పాకలో గవరమ్మ. అడ్డాకులు తెచ్చి, వెదురు పుల్లలతో విస్తళ్ళు కుట్టి బడికి ఇవ్వడం ఆమె పని. ఇచ్చేది గుమ్మం బయటినుంచే. లోపల అడుగు పెట్టకూడదు. ఆమె కుట్టిన ఆకులో అందరూ తింటారు గానీ ఆమె నీడ మాత్రం పంక్తి మీద పడకూడదు. ఇదెక్కడి న్యాయం అని అడక్కండి. అడిగినవాళ్ళెవరూ ఆ రోజుల్లో లేరు.

గవరమ్మ కూర్చునే చోటినుంచి మూటలు బయటికి రావడం కనిపించేది. ఒక ఏడు ఉప్పుమడుల దగ్గరినుంచి ఒక పిల్లవాడు వచ్చాడు. వాడి దగ్గర చేపల కంపు కొడుతోందన్నారు. మూడు పూటలు నిలబడి వెళ్ళిపోయాడు. ఇంకో ఏడు కొండమీదినుంచి ఒకడు వచ్చాడు. వాడి మాట వింతగా ఉందని నవ్వారు. వాడూ మూడు పూటలు నిలబడి వెళ్ళిపోయాడు. ఆ పై ఏడు మొహమంతా అమ్మవారి మచ్చలున్న వాడొకడు వచ్చాడు. మూడో పూట మూట చంకన పెట్టుకుని గవరమ్మ పాక ముందు ఆగాడు.

"మామ్మా, నాలో ఏటి బాగోనేదు?" అని అడిగాడు.

గవరమ్మ వాణ్ణి కూర్చోబెట్టింది. గంజి పోసి తాగించి, ఊరి పొలిమేర దాకా సాగనంపి వచ్చింది. వచ్చి ఆకుల ముందు కూర్చుంది. ఆకు తీసింది, పెట్టేసింది. మళ్ళీ తీసింది, మళ్ళీ పెట్టేసింది. మూడోసారి తీసి కుట్టడం మొదలుపెట్టింది.

ఆమె కుట్టింది జంటాకు. అంటే రెండు విస్తళ్ళు పక్కపక్కన, నడిమి ఆకు రెండింటికీ ఒక్కటే. విడదీయబోతే నడిమి ఆకు చిరుగుతుంది, పుల్లలు ఊడతాయి, రెండు పక్కలా పప్పుచారు కారిపోతుంది. విస్తరి పాడుచేసినవాడికి ఆ పూట అన్నం లేదని వంటవాడి శాసనం. పంక్తిలో ఎవరి చోటు ఎక్కడో గుమ్మం బయటినుంచి చూసి చూసి గవరమ్మకు కంఠతా వచ్చేసింది. ఎన్నో ఆకు ఎవరి ముందు పడుతుందో ఆమెకు తెలుసు. కట్టలో సరిగ్గా అక్కడ జంటాకు దూర్చేది.

మరుసటి ఏడు జంటాకు ఒక పొగరుబోతు ముందు పడింది. వాడు అటు చూశాడు, ఇటు చూశాడు. చింపితే అన్నం లేదు. ఒక్కడే తింటే తిండిపోతని నవ్వుతారు. చేసేదిలేక గుమ్మం దగ్గర నిలబడ్డవాణ్ణి చూసి కసురుకున్నాడు.

"ఆకు పెద్దది, పక్కకు రా!"

కసురుకుంటే ఏం, పిలుపు పిలుపే. కొత్తవాడు కూర్చున్నాడు. ఒకే ఆకులో తిన్నవాళ్ళు మర్నాటికి ఒకే చాప మీద పడుకున్నారు. మూడో రోజుకి ఒకే పలక మీద రాసుకున్నారు.

ఆ తర్వాత ఏ కొత్త పిల్లవాడు వచ్చినా గవరమ్మ ముందు పాక దగ్గర కూర్చోబెట్టేది. మూడు మాటలు చెప్పేది. "నీ ఊరి పేరు సిగ్గుపడకుండా గట్టిగా సెప్పు. బెత్తం పట్టుకున్న పంతులు అరుత్తాడు గానీ కొట్టడు, బెదిరిపోకు. ఏడుపొత్తే కడుపు నిండాక ఏడు, ఆకలితో ఏడవకు." పిల్లవాడు తలూపి లోపలికి వెళ్ళేవాడు. లోపల జంటాకు పడేది. "ఆకు పెద్దది, పక్కకు రా" అని ఎవడో ఒకడు పిలిచేవాడు.

అలా వచ్చినవాళ్ళలో తవిటినాయుడు ఒకడు. వాడికి ముందు పుట్టినవాళ్ళు పుట్టినట్టే పోతే, వీడైనా దక్కాలని తల్లి వీణ్ణి ఎవరికో అమ్మినట్టు అమ్మి, గుప్పెడు తవుడిచ్చి మళ్ళీ కొనుక్కుందట. అందుకే ఆ పేరు. బళ్ళో అందరూ పేరు విని పగలబడి నవ్వారు. వాడు మూట పట్టుకుని పాక దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు.

"నానుండను మామ్మా. మాయమ్మ కాడికి ఎల్లిపోతాను."

"ఎల్తే మీయమ్మ ఏడుత్తాది," అంది గవరమ్మ. "ఇంత అపురూపంగా కొనుక్కున్నది తిరిగొచ్చేడానికేటి? ఎల్లి కూకో. ఇయ్యాల నిన్ను పిలుత్తారు, సూడు."

పిలిచారు. వాడు కూర్చున్నాడు. చదివాడు. బాగా చదివాడు. ఏళ్ళు గడిచాయి. పెద్ద పంతులు చనిపోతే తవిటినాయుడే పెద్ద పంతులయ్యాడు. భుజాన జరీ కండువా వచ్చింది. పంక్తిలో మొదటి విస్తరి ఆయనది, ఆయన కూర్చున్నాకే మిగతావాళ్ళు కూర్చోవాలి. కిట్టనివాళ్ళు మాత్రం చాటున "జంటాకు పంతులు" అనుకునేవారు. ఆ మాట ఆయన చెవిన పడుతూనే ఉండేది. ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ళుంటారు. ఈయన తెప్ప వైపు చూడడమే మానేశాడు. గవరమ్మ పాక ముందునుంచి వెళ్తూ తల అటు తిప్పుకునేవాడు.

గవరమ్మ కొడుకూ కోడలూ ఒకే వానాకాలం జ్వరంలో పోయారు. మనవడు పోలయ్య మిగిలాడు. వాడు పాకలో కూర్చుని, గోడ అవతల పిల్లలు వల్లించేది విని, దుమ్ములో అక్షరాలు దిద్దుకునేవాడు. ఎవరూ నేర్పలేదు, చెవులే నేర్పాయి. గవరమ్మ వేళ్ళు వంకర్లు తిరిగిపోయాయి. తన తర్వాత ఈ పుల్లలూ ఈ ఆకులూ వీడి చేతికి రాకూడదనుకుంది. జీవితంలో ఆమె కోరుకున్నది అదొక్కటే. పోలయ్యకు ఎనిమిదో ఏడు రాగానే, వెళ్ళి పెద్ద పంతులు దారికి అడ్డంగా నిలబడింది.

"పంతులుబాబూ, మా గుంటడు అచ్చరాలు దిద్దుతున్నాడు. తవరు బళ్ళో ఏసుకోవాల."

తవిటినాయుడు నేల చూశాడు. "రమ్మను. రివాజు అందరికీ ఒకటే. మూడు పూటల్లో ఎవరైనా పిలిస్తే ఉంటాడు."

గవరమ్మ నవ్వుకుంది. రివాజు సంగతి ఆమెకు కొత్తా? రోజంతా కూర్చుని, నొప్పి వేళ్ళతో మూడు జంటాకులు కుట్టింది. ఎవరికోసమో కుట్టిన చెయ్యి మొదటిసారి తన వాడికోసం కుట్టింది.

మొదటి పూట. జంటాకు ఒక పెద్ద పిల్లవాడి ముందు పడింది. వాడు పిలవబోయి నోరు తెరిచాడు. పక్కవాడు చెవిలో ఊదాడు, "వాడు విస్తళ్ళ ముసలిదాని మనవడ్రా." తెరిచిన నోరు మూసుకుపోయింది. వాడు తన పుస్తకాల సంచీ తెచ్చి రెండో పక్క పెట్టుకుని తిన్నాడు. పోలయ్య నిలబడ్డాడు.

రెండో పూట. జంటాకు ఒక మెత్తనివాడి ముందు పడింది. "ఆకు పెద్దది, పక్కకు రా," అని పిలిచాడు. కానీ పిలిచింది పోలయ్యను కాదు, ఆ రోజే వచ్చి వాడి పక్కన నిలబడి వెక్కుతున్న మరో పిల్లవాణ్ణి. గుమ్మం బయట గవరమ్మ చూసింది. ఆ పిల్లవాడు కూర్చున్నందుకు కడుపు చల్లబడింది. తన వాడు నిలబడ్డందుకు అదే కడుపు తరుక్కుపోయింది. పోలయ్య నిలబడ్డాడు.

మూడో పూటకు ఒక్క జంటాకు మిగిలింది. ఎవరి ముందు వెయ్యాలి? పిల్లలకేం తెలుసు, ఆకలి రుచి ఎరిగినవాడే కావాలనుకుంది గవరమ్మ. ఆ ఆకు కట్టలో అన్నిటికన్నా పైన పెట్టింది. పైన పెడితే పెద్ద పంతులు ముందు పడుతుంది. మేలు మరిచేవాడు ఉండడని ఆమె నమ్మకం. పిచ్చిది! ఏ ఆకు ఎక్కడ పడుతుందో లెక్క తెలిసిన మనిషికి, ఏ మనిషి ఎక్కడ పడిపోతాడో తెలియలేదు.

తవిటినాయుడు కూర్చున్నాడు. ముందు జంటాకు పడింది. పంక్తి పంక్తంతా ఆయన మొహం కేసి చూసింది. ఎవడో చివర్న కిసుక్కున నవ్వాడు. గుమ్మం దగ్గర పోలయ్య రెండు చేతులూ కట్టుకుని చూస్తున్నాడు. గుమ్మం బయట గవరమ్మ చూస్తోంది. ఒక్క మాట. నాలుగు పదాల మాట. ఒకప్పుడు ఆయన్ను బతికించిన మాట.

తవిటినాయుడు ఆ జంటాకును నడిమికి మడిచాడు. ఒక సగాన్ని తొడకింద పెట్టుకున్నాడు. రెండో సగంలో అన్నం పెట్టించుకుని తిన్నాడు. ఒక్క మెతుకు కూడా వదల్లేదు.

పోలయ్య మూట బయటికొచ్చింది.

"మామ్మా, నాలో ఏటి బాగోనేదు?" అని వాడూ అడిగాడు. ఏళ్ళనాడు మచ్చల పిల్లవాడు అడిగిన మాటే. గవరమ్మ అప్పటిలాగే వాణ్ణి కూర్చోబెట్టింది. గంజి పోసింది. ఆ రోజు తను మాత్రం తాగలేదు.

ఇక విస్తళ్ళు కుట్టడం మానేస్తుందనుకున్నారు అందరూ. మర్నాడు ఎప్పటిలాగే కుట్టింది. కొత్తవాళ్ళకోసం జంటాకులూ కుట్టింది. కట్టెలమ్ముకునే ఆవిడ ఉండబట్టలేక అడిగేసింది, "నీ మనవణ్ణి గెంటేసినోళ్ళకి ఇంకా కుడతావేటే?"

"ఆ గుమ్మంలో నిలబడ్డోడు ఎవులి మనవడో ఆళ్ళ మామ్మకి తెలుసు," అంది గవరమ్మ. "నాకూ తెలుసు."

మూడేళ్ళు అలాగే కుట్టింది. నాలుగో ఏడు ఒకనాటి పొద్దున, ఒళ్ళో అడ్డాకులు పెట్టుకుని గోడకు ఆనుకున్న మనిషి లేవలేదు.

పాడె మొయ్యడానికి నలుగురు కావాలి. పోలయ్య బడి గుమ్మం దగ్గరికి వెళ్ళి పిలిచాడు. మైల అన్నారు, పాఠం నడుస్తోందన్నారు, తర్వాత రమ్మన్నారు. ఆమె కుట్టిన ఆకులో తిని కరణాలైనవాళ్ళున్నారు, కచేరీల్లో కూర్చున్నవాళ్ళున్నారు. ఒక్కడు రాలేదు. కొండ దిగి వచ్చిన కట్టెలవాళ్ళు నలుగురు మోపులు దించి, ఆమెను ఎత్తుకున్నారు.

ఆ మధ్యాహ్నం బళ్ళో అన్నం ఉడికింది. విస్తళ్ళు లేవు. లోపల అంతమంది పండితులు, ఒక్కడికీ ఆకు కుట్టడం రాదు. చేతిలో అన్నం పెట్టించుకు తినడం అక్కడ తప్పు. ఒక పూట చూశారు. రెండు పూటలు చూశారు. పెద్దా చిన్నా, పాతా కొత్తా, అందరూ గుమ్మం దగ్గరికొచ్చి నిలబడ్డారు. మూడో పూటకు తవిటినాయుడు స్వయంగా పాక దగ్గరికి వెళ్ళాడు. అన్నేళ్ళ తర్వాత ఆ పాక కేసి తల తిప్పాడు. తిప్పి ఏమన్నాడు? "ముసలమ్మ పోయిందా" అనలేదు. "నువ్వెలా ఉన్నావు" అనలేదు.

"ఆకులున్నాయా?" అన్నాడు.

పోలయ్య మూల చూపించాడు. ఆకుల గుట్ట. అన్నీ జంటాకులే. ముందు ముందు రాబోయే కొత్తవాళ్ళకోసం గవరమ్మ కుట్టి పెట్టుకున్నవి. పోలయ్యే మోసుకెళ్ళి గుమ్మం దగ్గర దించాడు.

ఆ పూట అందరి ముందూ జంటాకులే పడ్డాయి. ఎవడూ ఒంటరిగా తినడానికి లేదు. "ఆకు పెద్దది, పక్కకు రా" అని ఒకణ్ణొకడు పిలుచుకున్నారు. పాతవాడు కొత్తవాణ్ణి పిలిచాడు, వంటవాడు నీళ్ళవాణ్ణి పిలిచాడు. అందరూ కూర్చున్నారు. తవిటినాయుడి పక్క మాత్రం ఖాళీ. ఆయన ముందు సగం ఆకు మిగిలిపోయింది. ఆయన తలెత్తి చూశాడు. గుమ్మం బయట పోలయ్య.

తవిటినాయుడు కాస్త పక్కకు జరిగాడు. "రా పోలయ్యా. ఆకు పెద్దది. పక్కకు రా."

పోలయ్య కదల్లేదు. మూడు పూటల ఆకలి వాడికీ ఉంది.

"ఆకలేసినప్పుడు పిలవాల బాబూ," అన్నాడు. "ఆకు మిగిలినప్పుడు కాదు."

కొండ దారి పట్టి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. గోడ బయట విన్న చదువే వాడి చదువు.

తవిటినాయుడు ఆ పూట తినలేదు. మర్నాడే రివాజు ఎత్తేశాడు. గుమ్మం పక్కన రాయి నిలబెట్టి, బడికి వచ్చిన ఏ బిడ్డనూ నిలబెట్టరాదని చెక్కించాడు. రాయి మీద పేరు మాత్రం తనదే చెక్కించుకున్నాడు.

ఇప్పటికీ ఆ వైపు బళ్ళలో కొత్త పిల్లలు వచ్చిన రోజు జంటాకుల్లోనే వడ్డిస్తారు. ఆకు పడకముందే పిలుస్తారు, పడ్డాక పిలిస్తే తప్పు. ఆలస్యంగా దయ చూపించేవాణ్ణి "ఆకు మిగిలి పిలిచాడు" అంటారు. ఆ రాయి ఇంకా ఉంది. చదవడం వచ్చినవాళ్ళు దాన్ని తవిటినాయుడి గుమ్మం అంటారు. చదవడం రానివాళ్ళు గవరమ్మ గుమ్మం అంటారు.