మూడువేల ఏళ్ళ మాడు

మా ఊళ్ళో తెలివంతా మేడిచర్ల వాళ్ళింట్లోనే ఉందని అందరికంటే ముందు చెప్పేది మేడిచర్ల వాళ్ళే. తరవాత ఎవరూ చెప్పరు. అన్న గంగులు, అతని భార్య రాగమ్మ, తమ్ముడు పోలయ్య. ఏ పనైనా చెప్పింది చెప్పినట్టు చేస్తారు. అదే వాళ్ళ గొప్ప.

ఊరి పక్క పాటిదిబ్బని తవ్వి పాతకాలం కుండలు తీయడానికి వకుళ మేడం వచ్చింది. అన్నదమ్ములకి అక్కడే పని దొరికింది. ఏడాదంతా తవ్వితే అన్నీ పెంకులే. ఆఖరికి పగలని కుండ ఒక్కటి బయటపడింది, అడుగున నల్లటి మాడుతో. ఆ మాడుని పరీక్ష చేయిస్తే మూడువేల ఏళ్ళ కిందట మనుషులు ఏం వండుకు తిన్నారో తెలుస్తుందట. తెలిస్తే తవ్వకం ఇంకో ఏడాది సాగుతుంది. లేకపోతే తవ్వకం మూతే, దాంతోపాటు అన్నదమ్ముల పనీ మూతే.

మేడం కుండని వాళ్ళింట్లో పెట్టి, దాన్ని పరీక్షకి తీసుకెళ్ళే పెట్టె తేవడానికి పట్నం వెళ్ళింది. నీళ్ళు తగలనివ్వొద్దు, చెయ్యి పెట్టొద్దు, మీ ఇంటి కుండలా చూసుకోండి అని ఒకటికి పదిసార్లు చెప్పింది.

ఇంకేముంది. దీపాలవేళకి ఇంట్లో ఏ కుండా ఖాళీగా ఉండకూడదని రాగమ్మ అత్తగారు పెట్టిపోయిన కట్టడి. మా ఇంటి కుండలా చూడమంది కదా అని రాగమ్మ అందులో ఉలవలు పోసింది. నీళ్ళు వద్దంది కాబట్టి మజ్జిగ పోసింది. అంతే, పొయ్యెక్కించింది.

ఉలవలు ఉడికాయి, మాడు ఊడింది. పోలయ్య కంగారుపడ్డాడు. మిగిలిన మాడైనా దక్కించుకుందామని, చెయ్యి పెట్టొద్దంది కదా, అట్లకాడ పెట్టి అడుగంటా గీకాడు. గంగులేమో గరిటె నాకి కూర పేరు చెప్పే ఘనుడు. ఈమాత్రానికి పట్నం దాకా పంపడం దేనికి, నేను తిని చెబుతానన్నాడు. తిన్నాడు. కుండెడూ తిన్నాడు.

తెల్లారి మేడం జీపులో పెట్టెతో వచ్చి కుండలోకి చూసింది. అడుగు కొత్తకుండలా ఉంది.

"మాడేది పోలయ్యా?"

"అన్నయ్య పొట్టలో ఉందండి. భద్రంగానే ఉంది."

"ఏం తిన్నారో కూడా తెలిసిందండి," అన్నాడు గంగులు. "ఉలవలు. మజ్జిగ కాస్త పులిసింది."

మేడం అరుగు మీద కూలబడింది. మాడు ఇవాళ పట్నం చేరకపోతే తవ్వకం ఆగినట్టే అని, పైవాళ్ళకి ఫోను చేయడానికి పక్కకి వెళ్ళింది. అంతే, ముగ్గురికీ ప్రాణం లేచొచ్చింది. చేరకపోవడమేమిటి?

మేడం తిరిగొచ్చేసరికి జీపులో పెట్టె, పెట్టెలో గడ్డి, గడ్డిలో గంగులు. కుండకి మేడం కట్టిన చీటీ ఇప్పుడు అతని మెడలో. నీళ్ళు తగలకూడదు కదా, ముఖం కూడా కడగలేదు. కాసేపు అటూ ఇటూ కదిలి, దిబ్బ వెనక్కి వెళ్ళొస్తానని చెంబు అందుకున్నాడు. రాగమ్మ చెంబు లాక్కుంది.

"పట్నం చేరేదాకా ఓర్చుకో మావా. పని పోద్ది."

గంగులు మోకాళ్ళు దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. పట్నం ఐదు గంటల దారి. ఉలవల సంగతి తెలిసినవాళ్ళం కనుక, చూడ్డానికి చేరిన మేం మాత్రం గాలివాటం చూసుకుని నిలబడ్డాం.