రాజుగారి నుదుటి మీద బొప్పి

మల్లెగిరి అని ఒకానొక రాజ్యం. దాన్ని ఏలేవాడు ప్రచండదేవ మహారాజు. ఆయనకు నలభై రెండు బిరుదులు. రోజూ కొలువు మొదలవగానే వాటన్నిటినీ గొంతెత్తి చదివే పని కేసన్నది. ఇరవై ఏళ్లుగా గోరంతను కొండంత చేసి బతుకుతున్నవాడు కాబట్టి, కొండంతగా కనిపించేదాని అడుగున గోరంత ఏముంటుందో వెతకడం అతనికి అలవాటైపోయింది.

ఒకనాడు ఆ రాజ్యపు ప్రధాని నాగయామాత్యుడు పెళ్లి విందుకు వెళ్లి తిరిగొస్తూ మేనాలోనే కన్నుమూశాడు. మేనా అంటే నాలుగు వైపులా తెరలు దించిన పల్లకీ. బోయీలు ఎనిమిది మంది దాన్ని కోటగుమ్మం ముందు దించి తెర తీస్తే ఆయన తల పక్కకు వాలిపోయి ఉంది. ఆయనకు డెబ్బై రెండేళ్లు. ఆ పూట విందులో పదహారు బొబ్బట్లు తిన్నాడు. రాజవైద్యుడు నాడి పట్టి చూసి, గుండె ఆగిందనీ, ఒంటి మీద గాయం గానీ విషపు జాడ గానీ లేదనీ చెప్పాడు.

ఆ మాట ఊళ్లో ఎవరికీ రుచించలేదు. ముప్పై ఏళ్లు రాజ్యాన్ని చేతిలో పెట్టుకున్న మనిషి బొబ్బట్లు తిని పోవడమేమిటి? పొరుగు రాజు పంపిన గూఢచారి పనే అన్నారు కొందరు. చేతబడి అన్నారు ఇంకొందరు. అసలు ఆయన చావలేదు, అడవిలో సైన్యం కూడగడుతున్నాడు అన్నవాళ్లూ ఉన్నారు. వాళ్లు ఆయన చితికి దండం పెట్టుకుని వచ్చినవాళ్లే. ఏదడిగినా, నిప్పు లేనిదే పొగ రాదంటారు.

అందరికంటే ఎక్కువ నొచ్చుకున్నవాడు రాజు. తనంతటివాడి ప్రధాని మామూలు చావు చస్తే తన పరువేం కావాలి? హంతకుణ్ణి పట్టుకోమని ఆస్థాన పండితుడు వాగీశశాస్త్రిని ఆజ్ఞాపించాడు. శాస్త్రికి తెలియని శాస్త్రం లేదని ఊరంతా చెప్పుకునేది. ఆ మాట మొదట చెప్పినవాడు శాస్త్రే.

మూడు రోజుల్లో శాస్త్రి హంతకుణ్ణి తేల్చాడు. మేనా ముందు బొంగు మోసే బోయీ పోలయ్య తెర సందులోంచి చెయ్యి పెట్టి విషపు సూదితో పొడిచాడట. కళ్లారా చూశామని పదకొండు మంది వచ్చారు. వాళ్లలో ముందు నిలబడ్డవాడు గానుగ చెన్నప్ప. శవం దగ్గర పోలయ్య వెక్కివెక్కి ఏడ్చాడు కాబట్టి అది దొంగ ఏడుపని శాస్త్రి వాదించాడు. మిగిలిన ఏడుగురూ అంతగా ఏడవలేదు కాబట్టి వాళ్లకు ముందే తెలుసేమోనని కూడా అన్నాడు. మర్నాడు పొద్దెక్కేలోగా పోలయ్యను ఏనుగు కాలి కింద వెయ్యాలని రాజు తీర్పు చెప్పాడు.

పోలయ్య తలెత్తలేదు. "ముప్పై ఏళ్లు ఆ దొరను ఈ భుజం మీద మోశాను. దించేటప్పుడు కూడా కుదుపు రానియ్యలేదు" అన్నాడు, అంతే.

ఆ మాట వినగానే కేసన్న నోరు ఊరుకోలేదు. ముందు బొంగు మోసేవాడికి తెర వీపు వెనక ఉంటుందనీ, వాడు వెనక్కి తిరిగి చెయ్యి చాపితే బొంగు భుజం మీద నిలవదనీ, మేనా ఒరిగితే ఊరంతా చూసేదనీ సభలో చెప్పాడు. శాస్త్రి చిరునవ్వు నవ్వాడు. ఒరగలేదంటే మిగిలిన ఏడుగురూ కలిసి బొంగు సర్దిపట్టారన్నమాట, కాబట్టి ఎనిమిది మందీ హంతకులే అన్నాడు.

ఒకడికి పడ్డ శిక్ష ఎనిమిది మందికి పాకింది. ఇంతలో శాస్త్రి ఇంకో అడుగు ముందుకేసి, కుట్రలో లేనివాడికి బోయీల పని ఇంత క్షుణ్ణంగా ఎలా తెలుసని రాజును అడిగాడు. రాజు కేసన్న వైపు చూసి, తీర్పు రాసిన తాటాకు మీద తొమ్మిదో పేరు రాయమని లేఖరికి సైగ చేశాడు. గంటం గీస్తున్న చప్పుడు సభంతా వినబడింది.

నిజం చెబితే పని జరిగేలా లేదని కేసన్నకు అర్థమైంది. అతనికి భయం వేసింది, దాచుకోలేదు. చేతులు జోడించాడు.

"ప్రభూ, నేను పొరబడ్డాను. శాస్త్రిగారు చెప్పిందే నిజం. కానీ ఇంతటి పరిశోధన తాటాకులో పడి ఉంటే ఎలా? రేపు శిక్షకు ముందు శాస్త్రిగారు పోలయ్య చోట బొంగు పట్టి, ఆ చెయ్యి లోపలికెలా వెళ్లిందో రాజవీధిలో చేసి చూపించాలి. ప్రధానిగారి చోట కూర్చోదగ్గవారు తమరు తప్ప ఈ రాజ్యంలో ఎవరున్నారు?"

ఊరేగింపు అనగానే రాజు మీసం దువ్వాడు. శాస్త్రి మొహం కాస్త పాలిపోయింది గానీ, కాదంటే పరువు పోతుంది.

మర్నాడు రాజవీధి ఇరువైపులా జనం. రాజు మేనాలో కూర్చున్నాక తెరలు దించారు. శాస్త్రి ఉత్తరీయం నడుముకు బిగించి బొంగు కింద భుజం పెట్టాడు. మిగతా ఏడుగురు బోయీలూ తమ తమ చోట్ల నిలబడ్డారు. పోలయ్య చేతులకు సంకెళ్లతో పక్కన నడిచాడు. ఏనుగు వీధి చివర కట్టేసి ఉంది. కేసన్న దాని వైపు చూడకుండా ఉండాలని చూసి, చూడకుండా ఉండలేకపోయాడు.

పది అడుగులు సాగాక శాస్త్రి వెనక్కి తిరిగి తెర మీద చెయ్యి వేశాడు. భుజం జారింది. బొంగు జారింది. మేనా ఒక పక్కకు ఒరిగి లోపల ధన్‌మని చప్పుడైంది. రాజు ఒక్క కేక పెట్టాడు. బోయీలు మేనాను ఆపి దించారు. జనం గొల్లుమన్నారు.

కేసన్న పరుగున వెళ్లి తెర సందులో తల పెట్టాడు. రాజు కిరీటం ఊడి ఒళ్లో పడింది. నుదుటి మీద నిమ్మకాయంత బొప్పి లేచింది. ఇంకే దెబ్బా లేదు. ఈ వాలకంతో ప్రజల కంట పడడం కన్నా చావు నయమని రాజు గొణిగాడు. అయితే తెర తీయకుండానే కోటలోకి వెళ్దామనీ, సాయంత్రం దాకా ఎవరికీ కనిపించవద్దనీ, ఆ తర్వాత సభలో తెర చాటున కూర్చుని ఒక్క గడియ వింటే చాలనీ కేసన్న బతిమాలాడు. వేరే దారి లేక రాజు ఒప్పుకున్నాడు. శిక్ష కూడా అందాకా ఆగింది.

తెర మూసిన మేనా కోటలోకి వెళ్లింది, కోట తలుపులు మూసుకున్నాయి. ఊరికి అంతకన్నా ఏం కావాలి?

సాయంత్రం ఆ పదకొండు మంది సాక్షుల్నీ కేసన్న పిలిపించాడు. శాస్త్రి ఒక పక్కన, పోలయ్య ఒక పక్కన నిలబడ్డారు. వెనక తెర చాటున రాజు. పొద్దున రాజవీధిలో ఏం చూశారో చెప్పమని మాత్రమే కేసన్న అడిగాడు. మాట కలపలేదు, అందించలేదు.

మొదట చెన్నప్ప చెప్పాడు. శాస్త్రి చేతిలో వెండిపిడి సూది మెరవడం తన కళ్లతో చూశాడట. రెండోవాడు సూది కాదు, బాకు అన్నాడు. తెర మీద నెత్తుటి మరకను ముగ్గురు చూశారు. శాస్త్రికి పొరుగు రాజు దగ్గర్నుంచి కబురు రావడం ఒకడు విన్నాడు. రాజుగారు చనిపోయారన్న విషయంలో మాత్రం పదకొండు మందిదీ ఒకే మాట.

"నా చెయ్యి జారింది, అంతే. దేవుడి మీద ఒట్టు" అంటూ శాస్త్రి ఏడ్చేశాడు.

"దొంగ ఏడుపు" అన్నాడు చెన్నప్ప.

కేసన్న శాస్త్రి దగ్గరగా వెళ్లి మెల్లగా అన్నాడు. "శాస్త్రిగారూ, మీకు చెప్పుకోవడానికి చెయ్యి జారిందన్న మాటైనా ఉంది. ఆ పోలయ్య చెయ్యి జారనైనా లేదు."

తెర విసురుగా పక్కకు జరిగింది. ప్రచండదేవుడు బయటికి వచ్చాడు. కళ్లు ఎర్రబడి ఉన్నాయి, చెయ్యి కత్తిపిడి మీద ఉంది. నేను బతికే ఉన్నానని ఉరిమినట్టు అన్నాడు. పది మంది నేల మీద పడి దండాలు పెట్టారు. చెన్నప్ప మాత్రం నిలబడే ఆయన్ని పైనుంచి కిందిదాకా పరికించి చూశాడు.

"పోలిక బాగానే కుదిరింది. గొంతు కూడా నేర్పారు" అన్నాడు. "కానీ మా రాజుగారికి నుదుటి మీద బొప్పి లేదు."

రాజు పెదవులు వణికాయి. అది కోపమో మరొకటో తెలియక కేసన్న కళ్లు మూసుకుని, తాటాకు మీది తొమ్మిదో పేరును తలచుకున్నాడు. అప్పుడు వినబడింది నవ్వు. మొదట ముక్కులోంచి వచ్చింది, తర్వాత పొట్టలోంచి. రాజు బొప్పి తడుముకుంటూ కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు.

నవ్వాగాక ఆయనకు సిగ్గేసింది. "నేను బతికున్నానని నాకే సాక్ష్యం దొరకలేదు. పోలయ్యకేం దొరుకుతుంది? మరి నాగయామాత్యుడు ఎందుకు పోయాడు, కేసన్నా?"

"పెద్దవాళ్లు పోతే పెద్ద కారణమే ఉండాలని మనకు ఆశ, ప్రభూ. గుండెకు ఆ పెద్దరికం తెలియదు."

రాజు దగ్గరుండి పోలయ్య సంకెళ్లు తీయించి, తన చేతి బంగారు కడియం వాడికి తొడిగాడు. కేసన్నకు ఏం కావాలో కోరుకోమన్నాడు. ఆ తాటాకు కావాలన్నాడు కేసన్న. దాన్ని అక్కడే దీపంలో పెట్టి కాల్చాడు. రాజు దానికి తోడు పట్టుశాలువా కప్పి, నూరు వరహాలు ఇచ్చాడు. శాస్త్రి నెల రోజుల పాటు ఎవరికీ ఏమీ నేర్పలేదు.

అప్పట్నుంచి రాజు తీర్పు చెప్పే ముందు ఇరుపక్షాల మాటా వినేవాడు. తప్పు జరిగితే తప్పేనని ఒప్పుకునేవాడు. ఊరు అదంతా గమనిస్తూనే ఉంది. గానుగ దగ్గర కూర్చుని చెన్నప్ప జనానికి చెప్పేవాడు. "మన రాజు తప్పు ఒప్పుకోవడం ఎప్పుడైనా చూశామా? అసలాయన ఆ రోజే పోయాడు. నిప్పు లేనిదే పొగ రాదు."

కేసన్న ఆ మాట మోసుకొచ్చి కొలువులో చెబితే, రాజు పొట్ట పట్టుకుని నవ్వి, ఈ ఒక్క పుకారును మాత్రం ఎవరూ ఆపొద్దని ఆజ్ఞ ఇచ్చాడు.